అమ్మవారు పుట్టింటికి వచ్చిన సాయంత్రం

డిసెంబరు 16 వచ్చిందంటే మా ఇంట్లో తెల్లవారడం రెండు గంటలు ముందుకు జరుగుతుంది. నాలుగింటికి అలారం. వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వేసి, నడుమ పేడముద్దలో గుమ్మడిపువ్వు గుచ్చేసరికి కోవెల వైపు నుంచి మైకులో తిరుప్పావై మొదలవుతుంది. శ్రీవిల్లిపుత్తూరులో కాపురమంటే మాటలా! ఆ ముప్పై పాశురాలు పాడిన గోదాదేవి పుట్టిన ఊరు. తిరుమలలోనే ఈ నెల సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తారు. ఇక ఈ ఊళ్ళో ఉంటూ మార్గళి పొద్దున నిద్రపోతే వీధిలో తలెత్తుకోగలమా?

ముగ్గయ్యాక నైవేద్యానికి పొంగలి. తర్వాత ఇడ్లీ. తర్వాత మూడు క్యారియర్లు: ఒకటి విరుదునగర్ బస్సెక్కే మావారికి, ఒకటి ఇంజనీరింగ్ రెండో ఏడు చదివే పెద్దవాడికి, ఒకటి పదో తరగతి అరపరీక్షలు రాస్తున్న పాపకు. నాలుగోది నాది, తరచూ వంటింటి గట్టుమీదే మరిచిపోయేది. పది కాకముందే బ్యాంకులో కూర్చుని, ఖాతాదారు ఎదుట ఆవులింత ఆపుకుంటూ ఉంటాను.

మా బ్రాంచిలో క్రైస్తవ సహోద్యోగిని ఒకావిడ ఉన్నారు. నాది తెల్లవారుజాము ఆవులింతైతే, ఆవిడది అర్ధరాత్రి ఆవులింత. కేకు పని, పిల్లల కొత్తబట్టలు, రాత్రి పాటలు పాడుతూ వచ్చే చర్చి బృందానికి కాఫీలు, 24 రాత్రి ఆరాధన, తెల్లవారి బంధువులకు బిరియానీ. బ్యాంకుకు సెలవు 25 ఒక్కరోజే. 31న మూడు నెలల లెక్కల ముగింపు. అందుకే ఆవిడ 24న తొందరగా వెళితే ఆ పని నేను చూస్తాను, వైకుంఠ ఏకాదశికి నా పని ఆవిడ చూస్తారు. మతాలు వేరైనా మా ఇద్దరి నడుమునొప్పి ఒక్కటే.

పైగా పిల్లలకు సెలవులివ్వగానే చుట్టాలు దిగుతారు. కోయంబత్తూరు నుంచి ఆడపడుచు, హోసూరు నుంచి మరిది కుటుంబం. కోవెల చూడాలి, వెళ్ళేటప్పుడు తలా రెండు కిలోల పాలకోవా కట్టించాలి. మా ఊరి పాలకోవాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఇంటికి మాత్రం బంధువుల్లో ఆ గుర్తింపు చాలా ముందే వచ్చింది.

ఈ హడావుడిలో ఒక విషయం ఎవరికీ చెప్పుకోలేదు. పెళ్ళై ఈ ఊరికి వచ్చి ఇరవై నాలుగేళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నేను ‘పచ్చై పరత్తల్’ చూడలేదు. వైకుంఠ ఏకాదశికి ముందు జరిగే పది రోజుల పగల్పత్తు మొదలయ్యే వేళ, ఆండాళ్ అమ్మవారు రంగమన్నారుతో కలిసి తన పుట్టింటికి, అంటే పెరియాళ్వారు వంశీకుల ఇంటికి వేంచేస్తారు. కూతురూ అల్లుడూ వచ్చారని పచ్చి కూరగాయలన్నీ వాళ్ళ ముందు రాశులుగా పరుస్తారు. అది జరిగేది సాయంత్రం పూట. ఆ వేళకు నేను కౌంటరులోనైనా ఉంటాను, వంటింట్లోనైనా ఉంటాను.

ఈసారి మన సంఘం సంక్రాంతి సభలో పాప ఆముక్తమాల్యద పద్యం చదువుతుందని నేనే మాటిచ్చాను. అదో కొత్త డ్యూటీ. విజయనగరాన్ని 1509 నుంచి 1529 దాకా ఏలిన కృష్ణదేవరాయలు తెలుగులో రాసిన ఆ కావ్యం మా ఊరి కథే: విష్ణుచిత్తుడూ, ఆయన కూతురు గోదా. పాపకు బడిలో తెలుగు లేదు. పద్యాన్ని తమిళ అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకుని, పోపు వేస్తున్న నా పక్కన నిలబడి అర్థం అడిగింది.

విష్ణుచిత్తుడు అతిథులకు అన్నం పెట్టే పద్యం అది. ముసురు పట్టిన వానాకాలం. కట్టెలు తడిసిపోయి ఉంటాయి. అందుకని కళ్ళలోకి పొగ రాకుండా ఆయన భార్య కొబ్బరి చిప్పలు మంటపెట్టి వండుతుంది. తెల్లని అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. ఏనుగుల మీద యుద్ధాలకు వెళ్ళిన మహారాజుకు వంటింటి పొగ సంగతి ఎలా తెలిసిందో!

పాప అంతా విని, “ఆవిడ పేరేంటమ్మా?” అంది.

“పద్యంలో పేరు లేదు. భార్య అని మాత్రమే ఉంది.”

“మరి ఆవిడ ఎప్పుడు తిన్నారు?”

దానికి జవాబు నా దగ్గర లేదు. గట్టుమీద నా క్యారియరు మూత కూడా పెట్టకుండా అలాగే ఉంది. పాప దాన్ని చూసింది, నన్నూ చూసింది. ఇంకేమీ అనలేదు.

పగల్పత్తు మొదటిరోజు సాయంత్రం బ్యాంకు బయట పాప నిలబడి ఉంది. “దోసెలు అన్న పోస్తానన్నాడు. నాన్న చట్నీ చేస్తారట. పదమ్మా” అంది. మర్నాటి పరీక్షల గురించి గొణుగుతూనే వెంట నడిచాను.

జనంలో మునివేళ్ళ మీద నిలబడి చూశాను. గుమ్మడికాయలు, అరటిగెలలు, వంకాయలు, కందగడ్డలు... అంగడి అంతా అమ్మవారి ముందుకు వచ్చినట్టుంది. నాకు కోవిల్‌పట్టిలో మా అమ్మ గుర్తొచ్చింది. నేను పుట్టింటికి వెళితే నాకిష్టమైన కూరలన్నీ వసారాలో చాప మీద పోసి, “ఏది చెయ్యమంటావే?” అనేది. చేసిపెట్టేది. కానీ నా పక్కన కూర్చుని తిన్నది ఒక్కపూటా గుర్తులేదు. ఇప్పుడు అడుగుదామన్నా అమ్మ లేదు. పాప నా చేయి పట్టుకునే ఉంది.

ఇంటికి వచ్చేసరికి మొదటి నాలుగు దోసెలు మాడి, అయిదోది నా కోసం పళ్ళెంలో ఉంది. మగాళ్ళిద్దరూ యుద్ధం గెలిచినవాళ్ళలా నిలబడ్డారు.

తింటూ మావాడికి ఒక కథ చెప్పాను. గోదాదేవి అళగర్ స్వామికి నూరు గంగాళాల వెన్న, నూరు గంగాళాల అక్కారవడిసల్ మొక్కుకుందట. ఆ మొక్కును తర్వాతి కాలంలో రామానుజులు చెల్లించి ఈ ఊరికి వస్తే, అమ్మవారు “అన్నా” అని పిలిచిందని పెద్దల మాట. “కాబట్టి మొక్కు చెల్లెలిదైనా పొయ్యి దగ్గర పని అన్నది” అన్నాను. ఇరవై ఏడోనాటి కూడారై రోజున అక్కారవడిసల్ వాడే కలిపాడు. పాలు ఒకసారి పొంగి పొయ్యి మీద పోయాయి. బెల్లం కాస్త ఎక్కువైంది. ఎవరూ వంక పెట్టలేదు.

నేను కామర్స్ చదివినదాన్ని. ప్రతి జమకూ ఎక్కడో ఒక ఖర్చు ఉంటుందని మొదటి పాఠంలోనే నేర్చుకున్నాను. ఇంట్లో అందరి ఖాతాలో పండగ జమ అయ్యేటప్పుడు ఖర్చు ఎవరి పేరున రాస్తున్నామో ఎన్నడూ చూసుకోలేదు. అయిదు వందల ఏళ్ళ కిందట ఒక రాజు ఆ పద్దు చూశాడు. మా ఇంట్లో పదో తరగతి పిల్ల చూసింది.

మా బ్రాంచి సహోద్యోగినికి ఈ సంగతంతా చెప్పాను. వచ్చే క్రిస్మస్‌కు బిరియానీ వాళ్ళాయన చేతికి అప్పగిస్తానని నవ్వారు. సభలో పాప పద్యం తడబడకుండా చదివితే చప్పట్లు కొట్టండి. తడబడినా కొట్టండి. అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.