కాళ్ళు పొలిమేర దాటుతున్నాయి, హక్కులెందుకు దాటవు?

2024 జూలై 15న కర్ణాటక మంత్రివర్గం ఒక బిల్లుకు ఆమోదం తెలిపింది. ప్రైవేటు పరిశ్రమల్లో, ఫ్యాక్టరీల్లో, ఇతర సంస్థల్లో యాజమాన్య స్థాయి కొలువుల్లో నూటికి 50, మిగతా కొలువుల్లో నూటికి 70 స్థానికులకే ఇవ్వాలని దాని సారాంశం. స్థానికుడంటే కర్ణాటకలో పుట్టి ఉండాలి, 15 ఏళ్ళు అక్కడ ఉండి ఉండాలి, కన్నడం మాట్లాడాలి, చదవాలి, రాయాలి. కంపెనీలు గగ్గోలు పెట్టాయి. రెండు రోజులు తిరక్కుండానే, 17న, బిల్లును పక్కన పెట్టేశారు. ఆ సందట్లోనే మన రాష్ట్ర ఐటీ మంత్రి నారా లోకేశ్ ఆ కంపెనీలను విశాఖపట్నం రమ్మని ఆహ్వానించారు. కంపెనీల కష్టం మంత్రిగారికి వెంటనే అర్థమైంది. అదే బెంగళూరులో సెంట్రింగ్ కొట్టే ఉరవకొండ మనిషి సంగతి ఆ రెండు రోజుల చర్చలో ఎక్కడా మా చెవిన పడలేదు.

ఆ బిల్లు చట్టమై ఉంటే ముందుగా దెబ్బ తగిలేది ఎవరికి? కంపెనీకి విశాఖ ఉంది, హైదరాబాదు ఉంది, చెన్నై ఉంది. చెనిక్కాయ ఎండిపోయి, బోరు ఎత్తిపోయి, మూటాముల్లె కట్టుకొని బెంగళూరు రైలెక్కిన కుటుంబానికి బెంగళూరు తప్ప ఇంకేముంది? దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో అనంతపురం ఒకటని చిన్నప్పటి నుంచీ చదువుకుంటున్నాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ పడితే. వంద రోజుల పని చట్టాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలుపెట్టారు. అంటే ఇక్కడి కరువు ఢిల్లీకి తెలియనిది కాదు. అయినా ధర్మవరం, హిందూపురం స్టేషన్లలో బెంగళూరు రైలు కోసం మూటల మీద కూర్చునే జనం తగ్గలేదు. బేల్దారి పని, గార పని, హమాలీ, వాచ్‌మన్ ఉద్యోగం, ఆడవాళ్ళకైతే ఇళ్ళల్లో పాచిపని, గార్మెంట్ ఫ్యాక్టరీ. కదిరి వైపు నుంచి ఇంకా దూరం, కువైట్ దాకా పోతున్నారు. అది వేరే కథ, ఇంకోసారి రాస్తాం.

మనవాళ్ళు దాటే ఆ సరిహద్దు వయసెంతో గుర్తు చేసుకుందాం. అనంతపురం జిల్లా పుట్టిందే 1882లో, బళ్ళారి జిల్లాను చీల్చితే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చిన నాడు బళ్ళారి మైసూరుకు పోయింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనకు వచ్చాయి. మడకశిరకు మూడు వైపులా కర్ణాటకే. పావగడ తాలూకా కర్ణాటకదే, కానీ దాని చుట్టూ చాలామటుకు మన ఉమ్మడి జిల్లాయే, ఇంట్లో మాట చాలావరకు తెలుగే. పెళ్ళిళ్ళు అటూ ఇటూ, సంతలు అటూ ఇటూ. కొడికొండ చెక్‌పోస్టు లారీలకు సరిహద్దు గానీ మనుషులకు ఎన్నడూ కాలేదు. రాజ్యాంగం 19వ అధికరణం దేశంలో ఎక్కడికైనా పోవచ్చు, ఎక్కడైనా ఉండవచ్చు, ఏ పనైనా చేసుకోవచ్చు అంటోంది. గేటు తెరిచే ఉంది. మరి పేచీ ఎక్కడ?

ఇదే పేచీని యూరప్ దేశాలు డెబ్బై ఏళ్ళుగా పడుతున్నాయి. 1957 రోమ్ ఒప్పందంలోనే ఒక దేశపు కార్మికుడు ఇంకో దేశంలో పని చేసుకోవచ్చని రాసుకున్నారు. 1985లో లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే చిన్న ఊళ్ళో అయిదు దేశాలు సంతకాలు చేస్తే, 1995 నుంచి వాటి నడుమ పాస్‌పోర్టు తనిఖీలు ఎత్తేశారు. 2004 మే 1న పోలండ్ సహా పది దేశాలు యూనియన్లో చేరాయి. బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ తప్ప పాత దేశాలన్నీ భయపడి కొత్తవాళ్ళకు పని తలుపులు కొన్నేళ్ళు మూసిపెట్టాయి. జర్మనీ, ఆస్ట్రియా అయితే 2011 దాకా. 2005లో ఫ్రాన్సు రాజకీయమంతా ఒక బొమ్మ చుట్టూ తిరిగింది: చౌకకు పని చేసి ఫ్రెంచి వాడి కూడు లాక్కునే పోలండ్ ప్లంబరు. వినడానికి ఎక్కడో విన్నట్టు లేదా? బెంగళూరులో మనవాడి గురించి అనే మాటే అది. పోలండ్ పర్యాటక శాఖ వాళ్ళు గట్టివాళ్ళు, అందమైన ఒక ప్లంబరు ఫొటోతో పోస్టరు వేసి మేం ఇక్కడే ఉంటాం మీరే మా దేశం చూడ్డానికి రండి అన్నారు. నవ్వుకున్నారు, కానీ భయం పోలేదు. 2016 జూన్ 23న బ్రిటన్‌లో నూటికి 52 మంది యూనియన్ వద్దన్నారు. వలసల మీద కోపం అందులో పెద్ద భాగం. 2024 సెప్టెంబరులో జర్మనీ తన భూ సరిహద్దులన్నిటి మీదా మళ్ళీ తనిఖీలు పెట్టింది. కాబట్టి యూరప్ ఏదో స్వర్గమని మేం చెప్పబోవడం లేదు. మధ్యధరా సముద్రంలో మునిగిపోతున్న పడవలు చూసినవాళ్ళెవరూ అలా అనలేరు.

కానీ ఒక సంగతి వాళ్ళ దగ్గర నేర్చుకోదగ్గది ఉంది. మనిషి గీత దాటితే వాడితో పాటు ఏమేం దాటాలో వాళ్ళు కూర్చొని రాసుకున్నారు. పోలండ్ వాడు జర్మనీలో కొంతకాలం, ఫ్రాన్సులో కొంతకాలం పని చేస్తే పింఛనుకు ఆ ఏళ్ళన్నీ కలిపి లెక్కిస్తారు. యూనియన్ పౌరుడు తానుండే ఊళ్ళో, అది పరాయి దేశమైనా, స్థానిక ఎన్నికల్లో ఓటేయొచ్చు, పోటీ చేయొచ్చు. 1993 నుంచి ఈ హక్కుంది. ఒక కంపెనీ తన పనివాళ్ళను ఇంకో దేశానికి పంపితే అక్కడివాళ్ళతో సమానంగా జీతమివ్వాలని 2018లో నిబంధన బిగించారు. ఎందుకంటే చౌక కూలీ లేకపోతే ప్లంబరు బొమ్మ చూపి ఓట్లడగడం కుదరదు. వెనకబడ్డ ప్రాంతాలకు డబ్బూ ఇచ్చారు. 2007 నుంచి 2013 దాకా ఏడేళ్ళలో పోలండ్‌కు కేటాయించింది దాదాపు 6,700 కోట్ల యూరోలు.

ఇక మన లెక్క చూడండి. 2014 విభజన చట్టం పేరు చెప్పి సీమ నాలుగు జిల్లాలకు, ఉత్తరాంధ్ర మూడు జిల్లాలకు కలిపి కేంద్రం మొదటి మూడేళ్ళు ఇచ్చింది జిల్లాకు ఏడాదికి 50 కోట్ల రూపాయలు. ఆ మూడేళ్ళలో అనంతపురానికి 150 కోట్లు. ఇది వెనకబాటుతనానికి కట్టిన ధర!

మన మనిషితో పాటు కొడికొండ దాటేదేమిటి? రేషన్ కొంత దాటింది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకంలోకి 2020 జనవరి 1న ఆంధ్ర, కర్ణాటక రెండూ వచ్చాయి. అయితే కేంద్ర ఆహార భద్రత చట్టం కిందున్న కార్డుకే అది చెల్లుతుంది, రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డుకు చెల్లదు. ఆరోగ్యశ్రీని 2019 నవంబరులో బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల్లోని కొన్ని ఆసుపత్రులకు పొడిగించారు. అంటే తలచుకుంటే హక్కు సరిహద్దు దాటగలదన్నమాట. మిగతావి దాటలేదు. బిల్డింగుల ఖర్చులో నూటికి ఒక రూపాయి సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి వాడాలని 1996 చట్టం చెప్పింది. ఆ డబ్బు కర్ణాటక బోర్డుకు చేరుతుంది, బిల్డింగు కట్టిన మనవాడికి అందాలంటే 90 రోజులు పని చేసినట్టు రుజువు చూపి అక్కడ పేరు రాయించుకోవాలి. నోటి మాట మీద పనిలో పెట్టుకున్న మేస్త్రీ ఆ కాగితం ఇస్తాడా? రేకుల షెడ్డులో పుట్టిన బిడ్డ బడికి పోతే కన్నడం, ఊరికొస్తే తెలుగు, చివరికి రెండూ సగం సగం. ఓటు సంగతి సరేసరి. దూరం నుంచి ఓటేసే యంత్రాన్ని చూపిస్తామని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలను పిలిస్తే ప్రతిపక్షాలు ఒప్పుకోలేదు, అది అక్కడే ఆగిపోయింది.

వలస కార్మికుల కోసం 1979లో ఒక చట్టం చేశారు. అయిదుగురిని గానీ అంతకు మించి గానీ తీసుకుపోయే కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలి, ఊరు విడిచినందుకు నెల జీతంలో సగం భత్యం ఇవ్వాలి. అమలు ఎలా జరిగిందో 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన నాడు దేశమంతా చూసింది. ఏ ఊరి నుంచి ఎందరు ఎక్కడున్నారో చెప్పగల రిజిస్టరు ఏ ఆఫీసులోనూ దొరకలేదు. ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. తనంతట తాను పోయినవాణ్ణి కూడా వలస కార్మికుడిగా గుర్తించింది, అది మేలే. కానీ అయిదుగురన్నది పదిమంది అయింది, ఊరు విడిచిన భత్యం మాయమైంది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ప్రత్యేక రాష్ట్రం వస్తే ప్రైవేటు ఉద్యోగాలన్నీ మనవాళ్ళకే అని మనలో కొందరు మిత్రులు అంటున్నారు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ చూపించి అడిగేవాళ్ళ ఆవేదన మాకు తెలుసు. భూములిచ్చిన ఊళ్ళకు ముందు కొలువులివ్వాలన్నది న్యాయమైన డిమాండు, దాన్ని వదలం. సర్కారు ఉద్యోగాల్లో స్థానికత వేరే విషయం, దానికి రాజ్యాంగంలో 371-డి ఉంది, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులున్నాయి, ఆ వాటా మన హక్కు. కానీ పుట్టుక చూసి ప్రైవేటు పనికి గేటు వేసే చట్టం వేరు. 2019 జూలైలో మన రాష్ట్రమే నూటికి 75 స్థానికులకని చట్టం చేసింది. అలాంటి హర్యానా చట్టాన్ని 2023 నవంబరులో పంజాబ్-హర్యానా హైకోర్టు కొట్టేసింది. కోర్టుల మాట పక్కన పెట్టినా లెక్క వేసుకోండి: పెనుకొండలో బయటివాళ్ళు ఎందరు, బెంగళూరులో మనవాళ్ళు ఎందరు? మనం 75 అన్న నాడు వాళ్ళు 70 అంటే ఏ మొహంతో కాదంటాం?

అందుకే మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. మన ఉద్యమం అడగాల్సింది గేటు మూయమని కాదు. నీళ్ళు, నిధులు వచ్చి పోక తప్పని వలస ఆగాలి. పోయినవాడికి అక్కడ కూలీ, కార్డు, బడి, ఓటు దక్కాలి. తుంగభద్ర నీళ్ళు పంచడానికి బోర్డు ఉంది, ప్రతి క్యూసెక్కుకూ లెక్క ఉంది. అదే సరిహద్దు దాటే మనుషుల కోసం రెండు రాష్ట్రాలూ కలిసి ఒక బోర్డు పెట్టడానికి అడ్డేమిటి? బెంగళూరులో మన రాష్ట్ర కార్మిక అధికారిని ఒకరిని కూర్చోబెట్టడానికి ఎంత ఖర్చు?

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఉగాదికి వలస పోయినవాళ్ళు ఊళ్ళకు వస్తారు. ఇంటింటికీ పోయి రాయండి: ఎవరు, ఎక్కడ పని, మేస్త్రీ ఎవరు, కూలీ ఎంత, బాకీ ఎంత, ఏ రకం రేషన్ కార్డు, పిల్లలు ఏ బడి. ఊళ్ళో ఉపాధ్యాయులు, ఉద్యోగులు పక్కన కూర్చొని సాయం పట్టాలి. ఒక ప్రతి పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి రసీదు తీసుకోండి, ఒక ప్రతి ఎంపీడీఓకి. మూడోది మాకు పంపండి. పేర్లు వేయం, ఊళ్ళు వేస్తాం, అంకెలు వేస్తాం.