చావును ఒప్పుకోకుండా ఓదార్పా?

ఏటా అక్టోబర్ 10 రాగానే మానసిక ఆరోగ్యం మీద సభలు పెడతారు. కరోనా మిగిల్చిన దుఃఖం గురించి వక్తలు గొంతు తగ్గించి మాట్లాడతారు. చివర్లో 14416 నంబరు రాసుకోమంటారు. 2022లో మొదలైన ఈ టెలీ మానస్ ఫోన్ సలహా సేవ మంచిదే, కాదనను. కానీ దుఃఖాన్ని ఫోనుకు అప్పజెప్పి చేతులు దులుపుకునే వాళ్ల ప్రసంగాల్లో ఒక లెక్క ఎప్పుడూ వినపడదు.

2022 జనవరి 19న సుప్రీంకోర్టు ముందుకొచ్చిన లెక్క అది. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన కోవిడ్ మరణాలు 14,471. యాభై వేల పరిహారం కోసం వచ్చిన దరఖాస్తులు 36,205. చెల్లింపులు ఆలస్యమయ్యాయని కోర్టు ఆ రోజు ప్రధాన కార్యదర్శిని పిలిపించి మందలించింది. అందరూ ఆ మందలింపు దగ్గరే ఆగిపోయారు. ఆ రెండు అంకెల మధ్య ఇరవై ఒక్క వేల పైచిలుకు ఇళ్లున్నాయి. మా మనిషి కరోనాతోనే పోయాడని ఆ ఇళ్లవాళ్లు అంటున్నారు. సర్కారు పుస్తకంలో ఆ మాట లేదు.

అనంతపురం పక్కనున్న రాప్తాడు లాంటి చోట ఈ తేడా ఎలా పుడుతుందో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. నలభై నాలుగో జాతీయ రహదారి మీది ఊరు. వేరుశనగ దెబ్బతిన్న ఏడాది బెంగళూరు బస్సెక్కడం ఈ సీమలో మామూలే. అక్కడ దగ్గు పట్టుకుని, ఇక్కడికొచ్చి ఇంట్లోనే ఊపిరి ఆగిపోతే పరీక్ష కాగితం ఎవరిస్తారు? పరీక్షలోనో ఆస్పత్రిలోనో జబ్బు తేలాలని, ముప్పై రోజుల్లో పోయుండాలని పరిహారానికి అప్పటి నిబంధన. లేకుంటే జిల్లా కమిటీకి మొర పెట్టుకోవాల్సి వచ్చేది. అనంతపురం ఆడవాళ్లకు కమిటీలు కొత్తా? 2004లో రైతు ఆత్మహత్యల పరిహారానికి 421 జీవో వచ్చిన నాటి నుంచి, భర్త ప్రాణం తీసుకున్నది సేద్యం అప్పులకేనని త్రిసభ్య కమిటీ ముందు రుజువులు పెడుతూనే ఉన్నారు. ఏడవడానికి ముందు జిరాక్సులు తీయించుకోవాలి.

పల్లెలో దుఃఖానికి మందు పలకరింపు. వచ్చినవాళ్లు ‘ఎట్లయింది?’ అంటారు. ఇంటామె మొదటి నుంచీ చెబుతుంది. ఇంకొకరొస్తే మళ్లీ మొదటి నుంచీ. పెద్దదినం నాటికి ఆ చావు ఊరందరిదీ అవుతుంది. కరోనా కాలంలో గడప తొక్కినవాళ్లేరి? శవాన్ని చుట్టిన సంచి తెరిచి అయినవాళ్లకు ముఖం చూపించవచ్చని, బూడిదతో ప్రమాదం లేదని 2020 మార్చి 15 నాటి కేంద్ర మార్గదర్శకాలే చెప్పాయి. ఎన్ని చోట్ల చూపించారో ఎవరి గుండె వాళ్లనే అడగాలి.

పరిహారానికి దొంగ దరఖాస్తులు లేవా అంటారు. ఉంటాయి. 2022 మార్చిలో మన రాష్ట్రంతో సహా నాలుగు రాష్ట్రాల్లో ఐదు శాతం దరఖాస్తుల తనిఖీకి కోర్టు ఒప్పుకుంది కూడా. సరే, 36,205లో సగం దొంగవే అనుకుందాం. మిగిలిన సగమైనా 14,471 కంటే మూడున్నర వేలు ఎక్కువే! దీనికి జవాబు చెప్పినవాళ్లను నేనింకా చూడలేదు.

చనిపోయినవాళ్ల లెక్కే ఇలా ఉంటే బతికున్నవాళ్ల దిగులు లెక్క ఎవరికి కావాలి? 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. పోనీ, దారి తెలియదా అంటే అదీ కాదు. 1980ల్లోనే పక్కనున్న బళ్లారిలో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, కార్యకర్తలకు మనోవ్యాధుల వైద్యం నేర్పారు. 1996లో దేశంలో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. 1882 దాకా అనంతపురం కూడా బళ్లారి జిల్లాలోనిదే.

అబద్ధం పట్టుకోవడానికి ఇంటికి మనిషిని పంపగల ప్రభుత్వం, ఓదార్పు దగ్గరికొచ్చేసరికి ఫోను నంబరు చేతిలో పెడుతుంది. తోసిపుచ్చిన దరఖాస్తులన్నిటి మీదా చిరునామాలున్నాయి. వాటిని ఏఎన్ఎంల చేతికివ్వండి. ఆ ఇళ్లకు వెళ్లి, కాగితం అడక్కుండా, ‘ఎట్లయింది?’ అని అడగమనండి. అది చేతకాకపోతే వచ్చే అక్టోబర్ సభలోనైనా 36,205లో నుంచి 14,471 తీసేస్తే ఎంతో మైకులో చెప్పండి. నంబరు ఆ తర్వాత రాసుకుంటాం.