పరికరం చేసిన చేయి

విజ్ఞానశాస్త్రమనగానే మన విద్యార్థులకు స్ఫురించేవి సూత్రాలు, సిద్ధాంతాలు, వాటిని ప్రతిపాదించిన మహనీయుల పేర్లు. ఆ సిద్ధాంతాల నిజానిజాలను తేల్చిన పరికరాలను ఎవరు తయారుచేశారన్న ప్రశ్న పరీక్షలో రాదు. కనుక ఎవరికీ పట్టదు. ఇది మన విద్యలోని పెద్ద లోపమని మేము భావిస్తున్నాము. అమెరికా శాస్త్రవేత్త డాక్టర్ ఫ్రాంక్ లో జీవితం ఇందుకు నిదర్శనం.

నక్షత్రాలు జన్మించే ధూళిమేఘాలు కంటికి కానరావు. అతిశీతలమైన ఆ ధూళి ముఖ్యంగా దూర పరారుణ కిరణాలను వెలువరిస్తుంది. వాటిని మన వాతావరణంలోని నీటిఆవిరి మింగివేస్తుంది. పైగా టెలిస్కోపు సైతం తన వేడిమిచేత అవే కిరణాలను వెదజల్లుతుంది. పట్టపగలు మిణుగురును వెదకడం వంటిది ఈ పని.

1933లో జన్మించి, 1959లో రైస్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందిన ఆయన, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో ఉద్యోగిగా ఉంటూ 1961లో ఒక బోలోమీటరును రూపొందించారు. అది గాలియం లేశమాత్రంగా కలిపిన చిన్న జెర్మేనియం ముక్క. ద్రవ హీలియంతో దానిని సుమారు -271 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరిస్తే, అత్యల్పమైన వేడి సోకినా దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పే కొలత.

అంతటితో ఆయన ఆగలేదు. నీటిఆవిరిని తప్పించుకొనడానికి 1960 దశకంలోనే 30 సెంటీమీటర్ల టెలిస్కోపును జెట్ విమానంలో అమర్చారు. గురు, శని గ్రహాలు సూర్యుని నుంచి పొందేదానికన్న ఎక్కువ వేడిని వెలువరిస్తున్నాయని 1969లో సహచరులతో కలిసి ప్రకటించారు. ఆయన కృషి తోడైన ఐరాస్ ఉపగ్రహం 1983లో పది నెలలు ఆకాశాన్ని గాలించి సుమారు 2,50,000 పరారుణ జ్యోతులను గుర్తించింది. టెలిస్కోపునంతటినీ హీలియం పాత్రలో పెట్టి పంపనక్కరలేదు, వెచ్చగానే పంపి అంతరిక్షపు చలికి వదలవచ్చునన్న ఆయన సూచన స్పిట్జర్ టెలిస్కోపుకు ప్రాణం పోసింది. 2003 ఆగస్టులో బయలుదేరిన స్పిట్జర్‌కు 360 లీటర్ల హీలియం అయిదేళ్లకు పైగా సరిపోయింది. 2009 మేలో అది నిండుకుంది. జూన్ 11న ఆయన కన్నుమూశారు.

ఈ విద్య మనకు పరాయిది కాదు. టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 100 సెంటీమీటర్ల దర్పణం గల దూర పరారుణ టెలిస్కోపును నిర్మించి, మన హైదరాబాదులోని కేంద్రం నుంచే బెలూన్లతో ఎగురవేశారు. 1999 నుంచి జపాను వారి వర్ణపటమాపకాన్ని దానికి జతచేసి, ధూళిమేఘాలలోని కార్బన్ వెలువరించే 158 మైక్రాన్ల కిరణాలను కొలిచారు. పారాచూటుతో నేలకు దిగిన పరికరాన్ని తెచ్చి, సరిచేసి, మళ్లీ పంపడంలో ఎంత చేతిపని ఉన్నదో విద్యార్థులు ఊహించాలి.

మరి మన కళాశాలల్లో జరుగుతున్నదేమి? ఒక వోల్టుమీటరు చుట్టూ పదిమంది మూగుతారు. నిరుటి రికార్డు చూసి ఈ ఏటి రికార్డు నింపుతారు. మన విద్యార్థులలో పలువురి ఇండ్లలో గడియారాలు బాగుచేసేవారు, లేత్ యంత్రంపై పనిచేసేవారు, వెల్డింగు చేసేవారు ఉన్నారు. ఆ పనితనం చదువుకు చిన్నతనమని పిల్లలు దానిని గేటు బయటనే వదలి వస్తున్నారు. నిజానికి ప్రయోగశాలకు వారు తేగల సిరి అదే.

నిధులు తక్కువ, పరీక్షా ఫలితాలు ముఖ్యం అన్న మాట మాకు తెలియనిది కాదు. అయితే మేము కోరేది ద్రవ హీలియం కాదు. ఒక గది, రెండు బల్లలు, టంకం కర్ర, పాత రేడియోలు, వారానికొకసారి వచ్చి నేర్పే ఒక మెకానిక్కుకు తగిన గౌరవ వేతనం, ఇవి చాలు. విరిగితే జరిమానా వేస్తామన్న భయం మాత్రం ఆ గదిలో ఉండరాదు. కళాశాల కమిటీ వారు వచ్చే విద్యాసంవత్సరానికి ఈ ఏర్పాటు చేయగలరని ఆశిస్తున్నాము. విద్యార్థి సోదర సోదరీమణులు కూడ, ఇంటిలో పెద్దలు చేసే పనిని ఒక్క సెలవురోజైనా పక్కన కూర్చుండి నేర్చుకోవలెనని కోరుతున్నాము.