పంక్తిలో చోటు

కలిమి లేములు కావడి కుండలంటారు పెద్దలు. కానీ ఆ కావడిలో ఒక కుండ ఎప్పుడూ నిండుగానూ, రెండోది ఎప్పుడూ వెలితిగానూ ఉండిపోతే మోసేవాడు ఎంతదూరం నడవగలడు? ఈ విషయంలో బైబిలు ఏమంటుందో నాకు అర్థమైనంత మేరకు మీ ముందుంచుతాను. ఇది మతప్రచారం కాదు. నేను పెందుర్తి దగ్గర రైతు కుటుంబంలో పుట్టినవాణ్ణి. మా ఇంట్లో కొలిచేది వేరే దేవుళ్లని. అయినా, 1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషన్ వారు సువార్తల్ని తెనిగించడానికి పూనుకున్నది ఇక్కడే గనక, ఆ పుస్తకం మనకి మరీ పరాయిదేం కాదు.

డబ్బుకీ స్నేహానికీ ఉన్న లంకె గురించి బైబిలుకి భ్రమలేం లేవు. ధనవంతుడికి స్నేహితులు ఎక్కువనీ, బీదవాడు పొరుగువాడికి కూడా కిట్టడనీ సామెతల గ్రంథం ఉన్నమాట చెప్పేస్తుంది. మన సుమతీ శతకకారుడు చుట్టాల్ని చెరువు నిండితే చేరే కప్పలతో పోల్చిందీ ఇందుకే. ఇక్కడితో ఆగితే అది లోకజ్ఞానం. సువార్తలు ఇంకో అడుగు ముందుకేశాయి.

లూకా సువార్త 14వ అధ్యాయంలో యేసు, విందు చేసేవాడికి ఒక మాట చెబుతాడు. నిన్ను తిరిగి పిలవగల డబ్బున్నవాళ్లని మానేసి, తిరిగి పిలవలేని బీదల్నీ వికలాంగుల్నీ పిలవమంటాడు. అన్నం మూటగట్టి వాళ్ల ఇళ్లకి పంపమనలేదు, గమనించండి. పంక్తిలో కూర్చోబెట్టమన్నాడు. 16వ అధ్యాయంలో ధనవంతుడి వాకిట్లో లాజరు అనే బిచ్చగాడు పడివుంటాడు. ధనవంతుడు అతన్ని కొట్టాడనిగానీ, తరిమాడనిగానీ కథలో లేదు. గుమ్మం దాటి పలకరించలేదు, అంతే. చిత్రమేమిటంటే, బిచ్చగాడికి పేరుంది, ధనవంతుడికి లేదు. చనిపోయాక ఇద్దరి మధ్యా పెద్ద అగాధం కనిపిస్తుంది. అది అప్పుడు పుట్టింది కాదు, వాకిట్లోనే మొదలైందని నా అభిప్రాయం.

ఈ సంగతిని తెలుగుదేశంలో పనిచేసిన ఒక మనిషి ప్రపంచం ముందు నిలదీసి అడిగాడు. ఆయన వేదనాయగం శామ్యూల్ అజరయ్య. పుట్టింది తమిళనాట. తిరునల్వేలి క్రైస్తవులు స్థాపించుకున్న సంఘం తరఫున తెలుగు నేర్చుకుని డోర్నకల్ వచ్చాడు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ముప్ఫై అయిదేళ్ల ఈ యువకుడు లేచాడు. దొరల దానాల్నీ త్యాగాల్నీ కాదనలేదు. కుర్చీ వెయ్యడం, చెయ్యి కలపడం, టీకి పిలవడం వాటంతట అవి చాలవన్నాడు. వాటి వెనక స్నేహభావం ఉండాలన్నాడు. చివరికి ఆ సభని ఆయన కోరింది డబ్బు కాదు, స్నేహితుల్ని. సభలో కొందరికి ఆ మాట గుచ్చుకుంది కూడా. 1912లో ఆయనే ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు.

స్నేహంతో కడుపు నిండుతుందా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. బట్టా తిండీ లేనివాడికి చల్లగా ఉండు నాయనా అని చెప్పి పంపేస్తే ఏం లాభమని యాకోబు పత్రిక కూడా అడిగింది. జక్కయ్య కథ చూడండి. అతను సుంకం వసూళ్లలో గడించినవాడు. మేడిచెట్టెక్కిన అతన్ని పేరుపెట్టి పిలిచి, యేసు అతనింటికే అతిథిగా వెళ్తాడు. అప్పుడు జక్కయ్య సగం ఆస్తి బీదలకిస్తాననీ, అన్యాయంగా లాగినదానికి నాలుగింతలు తిరిగిస్తాననీ లేచి చెబుతాడు. అంటే నిజమైన స్నేహం డబ్బు లెక్కల్ని ముట్టుకోకుండా ఊరుకోదు. స్నేహం లేని దానం ఎదటివాణ్ణి కిందే ఉంచుతుంది. దానం లేని స్నేహం ఉత్త కబుర్లే.

మన దగ్గర బీదరికానికి కులం కూడా తోడు. ఊడ్పుల నాడు మా వైపు కూలీలకి చోడి అంబలి లోటు చెయ్యరు, అడిగినంత పోస్తారు. పోసేది మాత్రం పైనుంచి, తాగేది గట్టు కింద. ఇప్పుడు ఆ పొలాలే ప్లాట్లవుతున్నాయి. భూమి అమ్మినవాడికి మేడ లేచింది. ఆ భూమిలో ఏళ్ల తరబడి నాట్లేసిన మనిషికి ఆ లెక్కలో పేరే లేదు. మేడకి గేటు పడింది. గేటు ఇవతల మళ్లీ లాజరే.

మన కాలేజీ మాత్రం తక్కువ తిందా? టూరు చందా కట్టే రోజు రాగానే కొందరికి ఒంట్లో బాగోదు, కొందరికి ఊళ్లో పనిపడుతుంది. ఆ జ్వరం పేరేమిటో మనందరికీ తెలుసు. పాపం, నీ డబ్బులు మేం వేసుకుంటాంలే అంటే వాడు రాడు. వచ్చినా తలెత్తుకు తిరగలేడు. రికార్డులు ఇచ్చిపుచ్చుకునే స్నేహం బస్సు దగ్గరే ఆగిపోతోంది.

యూనియన్ పెద్దలకి నా మనవి ఒక్కటే. బీద విద్యార్థుల నిధి ఉంటే మంచిదే, ఉంచండి. కానీ ఈ ఏడు టూరు కమిటీలో మొదటి పేరు స్కాలర్షిప్పు మీద చదివేవాళ్లది రాయండి. ఎక్కడికి వెళ్లాలో, ఎంత ఖర్చుపెట్టాలో వాళ్లు కూడా కూర్చుని తేల్చాక, అప్పుడు చందా ఎంతో ప్రకటించండి.