‘జడ్జిగారు తెలుసు’ అనే వకీలు

యూసుఫ్‌గూడ బస్తీలో ఏ ఇంటి కుర్రవాణ్నయినా పోలీసులు తీసుకువెళ్లారనుకోండి. ‘ఏ సెక్షను పెట్టారు?’ అని అడగడానికి ముందే ‘తెలిసిన వకీలు ఎవరైనా ఉన్నారా?’ అన్న వెతుకులాట మొదలవుతుంది. ఆ వెంటనే మరో ప్రశ్న: ‘ఆ వకీలు సాబుకు పైన ఎవరు తెలుసు?’ తల్లి మెడలోని గొలుసు తాకట్టు దుకాణానికి చేరేది ఈ రెండో ప్రశ్న కోసమే.

ఈ ఆలోచన ఊరికే పుట్టలేదు. బస్తీని ఆనుకునే ఉన్న జూబ్లీహిల్స్‌లో 2024 డిసెంబరు 13న సినీ నటుడు అల్లు అర్జున్‌ను పోలీసులు అరెస్టు చేశారు. ఆ నెల 4వ తేదీ రాత్రి ‘పుష్ప 2’ ప్రదర్శన వేళ సంధ్య థియేటరు వద్ద జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి మరణించింది. ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. నాంపల్లి కోర్టు 14 రోజుల రిమాండు విధించగా, అదే సాయంత్రం హైకోర్టు 4 వారాల మధ్యంతర బెయిలు మంజూరు చేసింది. ఆయన తరఫున వాదించిన సీనియర్ న్యాయవాది ఎస్. నిరంజన్‌రెడ్డి రాజ్యసభ సభ్యులు, సినీ నిర్మాత కూడా. ఆ పరిచయాలే బెయిలు తెచ్చాయనడానికి ఆధారమేదీ లేదు. ఆధారం లేకుండా అలా అనడం అపనింద. వాదన చట్టం మీద, పూర్వపు తీర్పుల మీద సాగింది. అయితే కొడుకు బెయిలు కోసం వారాల తరబడి కోర్టు మెట్లెక్కే తండ్రి కంటికి ఆ సాయంత్రం కనిపించింది వేగమొక్కటే. ఆ వేగం పరిచయం వల్లనే వచ్చిందని అతడు నమ్మితే, ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకునేవారు కోర్టు ఆవరణలో కాచుకుని ఉంటారు.

వకీలు నైపుణ్యం వేరు, పరిచయం వేరు. పరిచయం సరుకుగా మారితే ఏమవుతుందో మన హైదరాబాదు చూసింది. 2012లో గాలి జనార్దన్‌రెడ్డికి బెయిలు ఇచ్చేందుకు ముడుపులు తీసుకున్నారన్న ఆరోపణపై సీబీఐ ప్రత్యేక కోర్టు జడ్జిని హైకోర్టు సస్పెండ్ చేసింది. ఆ తర్వాత ఏసీబీ అరెస్టు చేసింది. మధ్యవర్తిగా వ్యవహరించారన్న ఆరోపణపై ఒక విశ్రాంత జడ్జి కూడా అరెస్టయ్యారు. 1999లో ఢిల్లీలో ఆరుగురిని బలిగొన్న బీఎండబ్ల్యూ కారు కేసులోనైతే, ప్రాసిక్యూషన్ న్యాయవాది, నిందితుని న్యాయవాది కీలక సాక్షితో సాగించిన మంతనాలను 2007లో ఒక టీవీ చానల్ రహస్య కెమెరాతో బయటపెట్టింది. నిందితుని న్యాయవాది ఆర్.కె. ఆనంద్ దోషేనని 2009లో సుప్రీంకోర్టు నిర్ధారించింది. ఇరుపక్షాల వకీళ్లూ ఒకటైతే చనిపోయినవారి పక్షాన నిలిచేదెవరు?

పెండింగులో ఉన్న కేసు గురించి జడ్జితో ఏకాంతంగా మాట్లాడరాదని, దగ్గరి బంధువు జడ్జిగా ఉన్న కోర్టులో వాదించరాదని బార్ కౌన్సిల్ నియమాలు శాసిస్తున్నాయి. కనుక ‘జడ్జిగారు నాకు తెలుసు, ఖర్చవుతుంది’ అనే వకీలు అబద్ధమైనా ఆడుతున్నాడు, నేరానికైనా పిలుస్తున్నాడు. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. పుచ్చుకునేవానితోపాటు ఇచ్చేవాణ్ని కూడా మహాప్రవక్త (స) శపించారన్న సంగతి మనం మరువరాదు.

మదీనాలో ఒక కవచం దొంగతనానికి గురైంది. దొంగ ముస్లిం సమాజంలోని వాడు. నేరం మాత్రం ఒక యూదుని మీదికి నెట్టబడింది. దొంగ బంధువర్గం మహాప్రవక్త (స) సన్నిధికి వచ్చి అతని తరఫున గట్టిగా వాదించింది. ద్రోహుల పక్షాన వాదించవద్దని హెచ్చరించే అన్ నిసా సూరా 105వ ఆయతు ఈ సందర్భంలోనే అవతరించిందని వ్యాఖ్యాతలు తెలుపుతారు. బంధుత్వం ఓడింది, ఎవరి సిఫారసూ లేని యూదుడు నిర్దోషిగా నిలిచాడు.

మరి కష్టం వచ్చినప్పుడు మన కుటుంబాలు ఏం చేయాలి? అరెస్టయిన వ్యక్తిని 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అరెస్టుకు కారణం చెప్పాలి. ఇవి రాజ్యాంగమిచ్చిన హక్కులు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలు లభిస్తాడు. 15100కు ఫోన్ చేయవచ్చు. సొంతంగా వకీలును పెట్టుకుంటే ఆయనకు ఎవరు తెలుసో అడగకండి. సెక్షన్లు ఏమిటి, బెయిలుకు ఆధారాలు ఏమిటి, వాయిదా ఎప్పుడు అని అడగండి. ఇచ్చిన ఫీజుకు రసీదు తీసుకోండి. వాయిదా తేదీని ఈ-కోర్ట్స్ యాప్‌లో మీరే సరిచూసుకోండి.

మన ఇళ్లలో చదువుకుంటున్న పిల్లలలో కొందరు రేపు వకీళ్లవుతారు. ‘పెద్దవాళ్లతో పరిచయాలు పెంచుకో’ అని వారికి చెప్పే ముందు ఒక్క క్షణం ఆగుదాం. ఏ సిఫారసూ లేని మనిషి వారి గుమ్మం ముందు నిలబడినప్పుడు, అతని ఫైలును కూడా అంతే శ్రద్ధగా చదివే వకీళ్లుగా వారిని పెంచుదాం.