ఏ కుండ? కుండ సేద్యం సిఫారసులో మిగిలిపోయిన ప్రశ్న

నల్లగొండ జిల్లా కేతేపల్లి మండలంలో ఒకవైపు మూసీ కాలువల కింద వరి మాగాణి, మరోవైపు కాలువ నీరు అందని మెరకల్లో బోర్లపై ఆధారపడిన చల్కా నేలలు కనిపిస్తాయి. ఈ మెరకల్లో మొక్క నాటడం కష్టం కాదు; దానిని తొలి వేసవి దాటించడమే కష్టం. అందుకు భూమిలో పాతిన మట్టికుండ ఉపకరిస్తుందని విస్తరణ శాస్త్రవేత్తలమైన మనం చెబుతూనే ఉన్నాము. ఏ కుండ పాతాలో మాత్రం చెప్పడం లేదు.

ఈ పద్ధతి కొత్తది కాదు. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు చైనా వ్యవసాయ గ్రంథం ‘ఫాన్ షెంగ్‌జీ షు’లో పాతిన కుండ చుట్టూ తీగజాతి విత్తనాలు నాటే విధానం ఉంది. మన దేశంలో కర్నాల్‌లోని కేంద్ర లవణీయ నేలల పరిశోధన సంస్థ 1970లలో దీనిపై ప్రయోగాలు చేసింది. మెరుగు పూయని కుండ గోడలోని సూక్ష్మ రంధ్రాల గుండా పొడి మట్టి నీటిని లాక్కుంటుంది; మట్టి తడిసేకొద్దీ ఊట తగ్గుతుంది. నేల పైపొర పొడిగా ఉండడం వల్ల ఆవిరి నష్టమూ కలుపూ తక్కువే.

ఈ గుణమంతా కుండ గోడలోనే ఉంది. మట్టిలో కలిపే ఇసుక పాలు, ఆవంలో కాల్పు మారితే ఊట మారుతుంది. మరీ గట్టిగా కాలిన కుండ, రంగు పూసిన కుండ నీటిని సరిగా వదలవు. చాలినంత కాలనిది తడికి మెత్తబడి చిట్లిపోతుంది. అంగడిలో దొరికిన కుండను పాతి మొక్కను పోగొట్టుకున్న రైతు పద్ధతినే తప్పుపడతాడు. నిజానికి లోపం మన సిఫారసుది.

పరిమితులనూ దాచకూడదు. 6×6 మీటర్ల ఎడంలో ఎకరం బత్తాయి తోటకు సుమారు 112 మొక్కలు పడతాయి. మొక్కకు రెండేసి 8 లీటర్ల కుండలు పెడితే ఒక్కసారి నింపడానికే దాదాపు 1,800 లీటర్లు కావాలి. ఆ బిందెలు మోసే భారం ఎక్కువగా స్త్రీలపైనే పడుతుంది. కనుక ఇది బిందు సేద్యానికి ప్రత్యామ్నాయం కాదు. పెరటి కూరగాయలకు, గట్ల మీది కొద్దిపాటి మొక్కలకు తగినది.

కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు, గ్రామీణ అనుభవ శిక్షణకు వెళ్లే విద్యార్థులు స్థానిక కుమ్మరులతో కలిసి ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. కుండను ఆ ఊరి మట్టిలోనే మెడ వరకు పాతి, నింపి, మూత పెట్టాలి. వారం పాటు ప్రతి 24 గంటలకు తగ్గిన నీటిని కొలిచి మళ్లీ నింపాలి. మట్టి పాళ్లు, కాల్పు, ఊట మూడూ నమోదు చేయాలి. ఉప్పునీటి లవణాలు రంధ్రాలను పూడుస్తాయి కనుక ఏటా తిరిగి కొలవాలి.

విత్తనానికి మొలక శాతం చెప్పకుండా సిఫారసు చేయము. కుండకు ఊట చెప్పకుండా చేయడం ఎందుకు?