సినిమా తెలుగులో ఉంటే పేరు కూడా తెలుగులో ఉండాలి కదండీ

ఉగాదికి క్లబ్‌హౌస్‌లో వేసే సినిమా కోసం గ్రూపులో పెట్టిన ఓటు జాబితా చూశాం. అందులో మాకు నచ్చిన సినిమాలే ఉన్నాయి. మా గొడవ సినిమాల మీద కాదు, పేర్ల మీద. కాస్త పొడుగ్గా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

మా మనవరాలు ఆ జాబితా చూసి "తాతా, వేట్టయన్ అంటే ఏంటి?" అని అడిగింది. వేటగాడు అని చెప్పాం. తెలుగు వచ్చు కాబట్టి చెప్పలేదు, తమిళ మీడియంలో చదివాం కాబట్టి చెప్పాం. తమిళం రాని తాతలు ఏం చెప్పాలి?

2024లో మాకు అన్నిటికన్నా నచ్చింది "సత్యం సుందరం". ఎప్పుడో ఊరు వదిలిన మనిషి చెల్లెలి పెళ్ళికి తిరిగొస్తాడు. ఒక బంధువు ప్రేమతో ముంచెత్తుతాడు, ఇతనికేమో అతని పేరే గుర్తు రాదు. కార్తి, అరవింద్ స్వామి కూర్చుని మాట్లాడుకోవడమే సగం సినిమా. రెండుసార్లు చూశాం. తమిళంలో దాని పేరు "మెయ్యళగన్". మెయ్ అంటే నిజం, ఒళ్ళు అని రెండర్థాలు. అళగన్ అంటే అందగాడు. దాన్ని సత్యం, సుందరం అని విడదీసి పెట్టినవారికి దండం పెట్టాలి.

అదే ఏడాది "అమరన్" వచ్చింది. సాయిపల్లవిని చూసి మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. జి.వి. ప్రకాశ్ పాటలు ఇప్పటికీ పొద్దున నడకలో వింటున్నాం. కానీ "అమరుడు" అని పెట్టడానికి ఏం అడ్డం? న్ తీసి డు పెట్టడమే కదా! 2022లో "వలిమై" అని వచ్చింది. బలం అని దాని అర్థం. థియేటర్‌కి వెళ్ళినవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

ఇదివరకు ఇలా లేదు. నాయకన్ నాయకుడయ్యాడు, కాదలన్ ప్రేమికుడయ్యాడు, అన్నియన్ అపరిచితుడయ్యాడు. "అలైపాయుదే" మనకు "సఖి" అయింది. రాజశ్రీ గారు రాసిన "ఘర్షణ", "రోజా" పాటలు డబ్బింగ్‌వని ఎవరైనా గుర్తు చేస్తే గానీ గుర్తు రాదు.

తమిళులను మేము తప్పు పట్టం. 2006లో అక్కడి ప్రభుత్వం తమిళ పేరు పెట్టిన సినిమాలకు వినోదపు పన్ను మినహాయింపు ఇచ్చింది. 2010లో శంకర్ సినిమాకి అక్కడ "ఎందిరన్" అని తమిళ పేరు, అదే సినిమాకి మనకు "రోబో". వాళ్ళు పట్టుబట్టారు, మనం ఊరుకున్నాం.

అన్ని భాషల్లో ఒకే పేరుంటే ప్రచారం సులువని కొందరంటారు. రైల్వేలో పనిచేసినవాళ్ళం, స్టేషన్ బోర్డు సంగతి మాకు తెలుసు. జోలార్‌పేట ఏ లిపిలో రాసినా జోలార్‌పేటే, అది ఊరి పేరు. "తంగలాన్" మనిషి పేరు, అలాగే ఉండనివ్వండి. "మహారాజ" అందరికీ అర్థమవుతుంది, దానితోనూ పేచీ లేదు. వేటగాడు, బలం అలా కాదు, అవి అర్థమున్న మాటలు. "వేట్టయన్"కి తెలుగు పేరు దొరకలేదన్నారు. 1979లోనే ఎన్టీఆర్ "వేటగాడు" వచ్చింది నిజమే, అంతమాత్రాన మన భాషలో మాటలకు కరువొచ్చిందా?

ఇక్కడ సర్జాపురలో మన పిల్లలు బడిలో ఇంగ్లీషు, హిందీ, కన్నడ చదువుతున్నారు. తెలుగు వాళ్ళకి ఇంట్లోనూ తెర మీదా మాత్రమే దొరుకుతుంది. మేమూ తెలుగు అక్షరాలు బడిలో నేర్వలేదు. ఉద్యోగంలో చేరాక గుంతకల్లులో గోడల మీది సినిమా పోస్టర్లు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాం. ఆ రోజుల్లో పోస్టర్ మీద "వలిమై" అని ఉంటే మేము ఏం నేర్చుకునేవాళ్ళం?

కమిటీవారిని అడిగేది రెండే. ఓటు జాబితా తెలుగు అక్షరాల్లో పెట్టండి. ఉగాది పూట తెలుగు పేరున్న సినిమానే వెయ్యండి. మా ఓటు "సత్యం సుందరం"కి. కాదనేవాళ్ళు కారణం రాయండి, తెలుగులోనే రాయండి. మా రాతలో తప్పులుంటే దిద్దండి, ఏమీ అనుకోం.